దేవుడికి దారి చెప్పే మావయ్య

మా మావయ్య దేవుడికి దారి చెప్తాడు. మోక్షానికి దారి కాదు, మామూలు దారి. కుడికి తిరగాలా ఎడమకి తిరగాలా, ఏ గేటు, ఏ అంతస్తు, బెల్లు నొక్కాలా తలుపు కొట్టాలా, ఆ దారి. ప్రార్థనలో ఎవరి కోసం వేడుకున్నా సరే, వాళ్ళ ఇంటి గుర్తులన్నీ పూసగుచ్చినట్టు చెప్పనిదే ఆమేన్ అనడు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. లిఫ్టు మెకానిక్కు. మా సంఘంలో ప్రతి ఆదివారం ఆరాధన చివర, కష్టాల్లో ఉన్నవాళ్ళ కోసం ఒకరు లేచి ప్రార్థన చెయ్యాలి. ఆ పని ఎవరు అప్పగించారో గానీ, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది మావయ్యదే. నేను అక్కడ కీబోర్డు వాయిస్తాను. ఆయన ఎప్పుడు ఆపుతాడో, నేను పాట ఎప్పుడు ఎత్తుకోవాలో కనిపెట్టుకుని ఉండాలి కనుక, అందరూ కళ్ళు మూసుకునే సమయంలో నేనొక్కదాన్నే కళ్ళు తెరిచి ఉంటాను. కాబట్టి ఇదంతా నేను కళ్ళారా చూసిందే.

ఒకసారి మా టైలరు గారికి కాలు విరిగింది. మావయ్య లేచి, గొంతు సవరించుకుని, రెండు చేతులూ చాచాడు.

"ప్రభువా, దయగల తండ్రీ, మా టైలరు గారిని కనికరించు. మిషను తొక్కే కాలే విరిగింది. ఇల్లెక్కడంటే, ఇక్కణ్ణించి బయటికెళ్ళి కుడికి తిరిగితే మందుల షాపు వస్తుంది. దాని పక్క సందులోకి వెళ్ళు. సందు మొదట్లో ఓ నల్ల కుక్క ఉంటుంది. అరుస్తుంది గానీ కరవదు, నువ్వేం భయపడకు తండ్రీ. ఆకుపచ్చ గేటు. తోస్తే రాదు, కాస్త పైకెత్తి తొయ్యాలి. మధ్యాహ్నమైతే పడుకుని ఉంటాడు, సాయంత్రం వెళ్ళు. ఆమేన్."

భూమ్యాకాశాలు చేసినవాడికి కుక్క విషయంలో ధైర్యం చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. వెనక వరసలో పిల్లలు నోట్లో రుమాళ్ళు కుక్కుకున్నారు. పెద్దవాళ్ళు దగ్గారు. నవ్వుని దగ్గుగా మార్చడం మా సంఘంలో అందరికీ వచ్చిన విద్య.

లిఫ్టు ఉన్న బిల్డింగయితే మావయ్యకి ఇంక పట్టపగ్గాలు ఉండేవి కావు. "నిశ్చింతగా ఎక్కు తండ్రీ, మొన్ననే తాడు మార్చాను" అనేవాడు. అది తన చేతిలో లేని లిఫ్టయితే గొంతు తగ్గించి, "అది నేను చూసే లిఫ్టు కాదు ప్రభువా. మెట్లెక్కడమే మంచిది" అని హెచ్చరించేవాడు. ఒంటరిగా ఉండే ఒక టీచరమ్మ కోసం ప్రార్థిస్తూ, "కుడి చెవి దగ్గర గట్టిగా మాట్లాడు తండ్రీ, ఎడమది పూర్తిగా పోయింది. నమల్లేదు, మెత్తటివైతే ఇష్టంగా తింటుంది" అని కూడా మనవి చేశాడు.

ఆ రోజు ఇంటికొచ్చాక అమ్మ తల పట్టుకుంది.

"ఒరేయ్, నీకు బుద్ధుందా? దేవుడేమన్నా అరటిపళ్ళు పట్టుకుని వెళ్తాడట్రా, మెత్తటివీ గట్టివీ అంటావు?"

"వెళ్తే?"

"సందులూ గొందులూ ఆయనకి తెలీవా?"

"తెలీవని ఎవరన్నారక్కా? ఎందుకైనా మంచిది."

"అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, సరే, అడుగు. అడ్రసు చెప్పమని ఎవరన్నారు?"

"ఎందుకైనా మంచిది."

అది మావయ్య ఊతపదం. లిఫ్టు బాగుచేశాక అందులో పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాడు. బాగయింది కదయ్యా అని ఎవరైనా విసుక్కుంటే, ఎందుకైనా మంచిదంటాడు. పెళ్ళిలో ఈ అమ్మాయి నీకు సమ్మతమేనా అని అడిగితే, సమ్మతమే అని, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సమ్మతమే అన్నాడట. అత్తయ్య ఇప్పటికీ ఆ రెండో సమ్మతం గురించి చెప్పి నవ్వుతుంది.

ఇంత జాగ్రత్తపరుడూ ఒకసారి పప్పులో కాలేశాడు. మా సంఘంలో ఒకావిడకి ఆపరేషనయితే, పాత అడ్రసు చెప్పేశాడు. వాళ్ళు అప్పటికే ఇల్లు మారిపోయారు. సంగతి తెలిసి, మరుసటి ఆదివారం లేచి, "క్షమించు ప్రభువా, పోయిన వారం నీకు తప్పు దారి చెప్పి శ్రమ పెట్టాను" అని మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తవుతుండగానే వెనక నుంచి ఒక కొత్త ముసలాయన లేచి నిలబడ్డాడు.

"బాబూ, ఆ తప్పు అడ్రసు నాదే" అన్నాడు. "గడియారాలు బాగుచేస్తాను. మా ఆవిడ పోయాక పాత ఇంట్లో ఉండలేక అక్కడికి మారాను. మొన్న మీవాళ్ళు ముగ్గురు పళ్ళు పట్టుకొచ్చి, కుట్లు మానాయా అని అడిగారు. నాకు ఆపరేషనే కాలేదంటే కంగారుపడిపోయారు. తెచ్చిన పళ్ళు వెనక్కి తీసుకెళ్ళలేక కాసేపు కూర్చున్నారు. ఎలాగూ వచ్చాం కదా అని నా కోసం ప్రార్థన చేసి వెళ్ళారు. ఆ ఇంటికొచ్చాక నా తలుపు కొట్టినవాళ్ళు వాళ్ళే. మళ్ళీ వస్తారేమోనని రోజూ గుమ్మంలో నిలబడి చూశాను. రాలేదు. అందుకని నేనే వచ్చాను."

ఆ రోజు మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాం. ఆ తర్వాత చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. గడియారాల తాత అప్పటి నుంచీ ముందు వరసలో మనిషైపోయాడు. అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దుతాడు. "పొద్దున్నే లేవడానికి ఓ కారణం దొరికిందమ్మా" అని నాతో ఒకసారి అన్నాడు. మావయ్య మాత్రం తప్పు అడ్రసు చెప్పానే అని వారమంతా కుమిలిపోయాడు.

ఇలా ఉండగా మా పెద్ద పాస్టరు గారు రిటైరయ్యాక, ఆయన స్థానంలో కొత్త పాస్టరు గారు వచ్చారు. కుర్రవారు, పెళ్ళి కాలేదు, మొహమాటస్తులు. వాక్యం మాత్రం ఎంత బాగా చెప్పేవారంటే, వింటున్నంతసేపూ చంటిపిల్లలు కూడా ఏడుపు మానేసేవారు. ఆరాధన అయ్యాక ఆయన గుమ్మం దగ్గర నిలబడితే, మేం చెయ్యి కలిపి, వాక్యం బాగుందండీ అని చెప్పి ఎవరిళ్ళకి వాళ్ళం పోయేవాళ్ళం. ఆయన ఎక్కడుంటారో, ఏం తింటారో అడిగినవాళ్ళు లేరు. పాస్టరంటే మన ఇంటికి వచ్చే మనిషి. ఆయనకీ ఒక ఇల్లుంటుందని ఎవరికి తోస్తుంది?

మావయ్య ప్రార్థన మొదటిసారి విన్నప్పుడు ఆయన కళ్ళు తెరిచేశారు. రెండోసారి నుదురు రుద్దుకున్నారు. మూడోసారి, ఏదో బిల్డింగులో వాచ్‌మన్ అడ్డుకుంటే నా పేరు చెప్పు తండ్రీ అని మావయ్య అన్నాక, ఇంక ఆగలేక పక్కకి పిలిచారు. నేను కీబోర్డు మీద గుడ్డ కప్పుతూ అక్కడే ఉన్నాను.

"అన్నయ్య గారూ, దేవుడికి అన్నీ తెలుసు కదండీ?"

"తెలుసండీ."

"ఆయనకి తెలియని ఇల్లుంటుందా?"

"ఎందుకుంటుందండీ?"

"మరి?"

"ఎందుకైనా మంచిదనండీ."

పాస్టరు గారు దీర్ఘంగా ఊపిరి తీసుకున్నారు. "ప్రార్థన గంభీరంగా ఉండాలండీ. అందరూ నవ్వుతున్నారు. ఇక మీదట అడ్రసులు వద్దు. మాటివ్వండి."

మావయ్య ఏదో అనబోయి ఆగాడు. "అలాగేనండీ. ఇచ్చాను" అన్నాడు.

మావయ్య మాటిస్తే తప్పే మనిషి కాదు. మరుసటి ఆదివారం, "ప్రభువా, ఫలానా వారికి ఒంట్లో బాగాలేదు, ఇల్లు నీకు తెలుసు, ఆమేన్" అని కూర్చున్నాడు. పాస్టరు గారి మొహం వికసించింది. నేనొక్కదాన్నే చూసింది వేరే ఉంది. నోరు మూసుకున్నా మావయ్య చేతులు ఊరుకోలేదు. గాలిలో కుడికి తిరిగి, నేరుగా వెళ్ళి, ఎడమకి తిరిగి, గేటుని పైకెత్తి తోసి, లిఫ్టులో పైకెళ్ళి ఆగాయి. పాట ఎత్తుకోవాల్సిన చోట నాకు నవ్వొచ్చి, తప్పు మీట నొక్కాను.

అలా నెలలు గడిచాయి. ఆరాధన గంభీరంగా జరుగుతోంది. దగ్గులు లేవు. అయితే జబ్బు చేసి మంచం పట్టినవాళ్ళు కోలుకున్నాక కూడా మందిరానికి రావడం తగ్గింది. టీచరమ్మ ఫోను చేసి, "ఈ మధ్య మీరెవ్వరూ కనపడ్డం లేదేం?" అని మా అమ్మ మీద అరిచింది. తీరిక చిక్కడం లేదండీ అంది అమ్మ. తీరిక ఎందుకు చిక్కడం లేదో అమ్మకీ తెలియదు. ఇదివరకు ఎలా చిక్కేదో అంతకంటే తెలియదు.

పాస్టరు గారు కూడా చిక్కిపోయారు. ఒక సాయంత్రం నేను పాటలు సాధన చేసుకుంటుంటే, మందిరం తాళాలు తీసుకోవడానికి వచ్చిన మావయ్యతో ఆయన అన్నారు.

"అన్నయ్య గారూ, ఈ ఆదివారం అందరికీ చెప్పేస్తానండీ. వెళ్ళిపోతాను."

"ఎక్కడికండీ?"

"ఈ సేవే మానేస్తాను. నేను చెప్తున్నాను, వాళ్ళు వింటున్నారు, లేచి వెళ్తున్నారు. ఎవరికి ఏం ఒరిగింది? రేపు నేను లేకపోతే ఎవరికి తెలుస్తుంది? నాకే అర్థం కావడం లేదు, ఎందుకు బతుకుతున్నానో."

ఆ ప్రశ్నకి మావయ్య ఊతపదం పనికి రాలేదు. ఆ వారమంతా ఇంట్లో ముద్ద దిగలేదు ఆయనకి. "బంగారంలాంటి కుర్రాడక్కా. ఇప్పుడు ఇలా మనసు విరిగి వెళ్ళాడంటే ఇంక ఎక్కడా నిలబడలేడు" అని అమ్మ దగ్గర వాపోయాడు.

ఆదివారం వచ్చింది. పాస్టరు గారు రాలేదు. జ్వరమని సంఘ పెద్ద గారికి కబురు పెట్టారట. మందిరం మెట్ల దగ్గర మావయ్య మమ్మల్ని పట్టుకున్నాడు. పాస్టరు గారుండే బిల్డింగులో లిఫ్టు ఆయనే చూస్తాడు కనుక, ఆ ఇల్లు తెలిసిన మనిషి మొత్తం సంఘంలో ఆయనొక్కడే. పొద్దున్నే వెళ్ళి తలుపు కొట్టి వచ్చాడు.

"తలుపు సందులోంచి చూశారక్కా, లోపలికి రానివ్వలేదు. మొహం పీక్కుపోయింది. ఇల్లెక్కడో ఎవరికీ చెప్పొద్దు, ప్రార్థన చెయ్యమనండి చాలు అన్నారు. మాటిచ్చి వచ్చాను."

"కనపడ్డవాళ్ళందరికీ మాటలిచ్చుకుంటూ పోతావేంట్రా?" అంది అమ్మ.

ఆరాధన చివర మావయ్య లేచాడు. అందరం తలలు వంచాం.

"ప్రభువా, దయగల తండ్రీ. మా పాస్టరు గారికి జ్వరం. ఒక్కరే ఉన్నారు. గ్లాసుడు నీళ్ళిచ్చే దిక్కు లేదు. ఆయన ఇల్లు..."

ఆగిపోయాడు. చేతులు కుడికి తిరిగాయి, ఎడమకి తిరిగాయి, పైకి లేచి అక్కడే నిలిచిపోయాయి. "నీకు తెలుసు తండ్రీ" అన్నాడు. ఆమేన్ మాత్రం రావడం లేదు. నేను కీబోర్డు మీద వేళ్ళు పెట్టి ఎదురుచూస్తున్నాను.

అప్పుడు ముందు వరసలోంచి, కళ్ళు మూసుకునే, గడియారాల తాత అడిగాడు. "ఏ అంతస్తు బాబూ?"

"మాటిచ్చాను తాతా. చెప్పకూడదు." మావయ్యా కళ్ళు తెరవలేదు. ప్రార్థన ఇంకా అవలేదు కదా.

"పోనీ ఏ వీధో చెప్పండి" అంది వెనక నుంచి ఎవరో ఇల్లాలు.

"కుదరదండీ."

"మందుల షాపుకి ఇవతలా, అవతలా?" అన్నాడు టైలరు.

"ప్రభువా, నన్ను అడగొద్దని వీళ్ళకి నువ్వైనా చెప్పు!" అన్నాడు మావయ్య ఏడుపు గొంతుతో. ఆ వెంటనే ఆమేన్ అనేసి, పాటల పుస్తకం కుర్చీలో పెట్టి, గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?" అంది అమ్మ.

"చెప్పనని మాటిచ్చాను గానీ, వెళ్ళనని ఇవ్వలేదు కదక్కా."

గడియారాల తాత చేతికర్ర అందుకుని లేచాడు. ఆయన వెనక టైలరు. టైలరు వెనక అమ్మ. నేను లేచేసరికి గదిలో కుర్చీలు తప్ప ఎవరూ లేరు.

ఆ నడక నేను బతికున్నంత కాలం మర్చిపోలేను. ముందు మావయ్య. వెనక్కి తిరిగి చూస్తే దారి చెప్పినట్టవుతుందేమోనని, మెడ బిగించుకుని నడుస్తున్నాడు. ఆయన వెనక సంఘం సంఘమంతా. దారిలో ఎవరిల్లు వస్తే వాళ్ళు లోపలికి దూరి, ఒకరు ఫ్లాస్కుతో, ఒకరు దుప్పటితో, ఒకరు జావ గిన్నెతో బయటికొచ్చి పరుగున కలుస్తున్నారు. నాలుగు రోడ్ల కూడలిలో బస్సు ఆగిపోయింది. ఏం జరిగిందని డ్రైవరు కిటికీలోంచి అడిగితే, జ్వరం అన్నాడు టైలరు. డ్రైవరు నమ్మలేదు.

బిల్డింగులో లిఫ్టు దగ్గర మావయ్య ఇంక వెనక్కి తిరగక తప్పలేదు. "ముసలివాళ్ళు మాత్రమే! నలుగురే! అయిదో మనిషి ఎక్కితే నా పూచీ లేదు!" అని చేతులడ్డం పెట్టాడు. మిగతావాళ్ళం మెట్ల మీద పడ్డాం. నేను మధ్యలో ఉన్నాను. పైకి చూస్తే మలుపు తిరిగిన ప్రతి చోటా మనుషులు, కిందికి చూస్తే మనుషులు. అడుగుల చప్పుడే వినపడుతోంది. ఇన్నేళ్ళూ వాక్యంలో విన్నదేదో నా పక్కనే ఆయాసపడుతూ మెట్లెక్కుతోందనిపించింది. ఆ క్షణం నాకు భయమేసింది, ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది.

మావయ్య తలుపు కొట్టాడు. చాలాసేపటికి పాస్టరు గారు తీశారు. భుజాల మీద పాత తువ్వాలు, గడ్డం మాసి ఉంది. ముందు మావయ్యని చూశారు, తర్వాత ఆయన వెనక చూశారు, ఆ తర్వాత మెట్ల వైపు చూస్తూ ఉండిపోయారు.

"చెప్పొద్దన్నాను కదండీ" అన్నారు నెమ్మదిగా.

"చెప్పలేదండీ. కావాలంటే అడగండి."

"చెప్పలేదు బాబూ, ఒట్టు. మేమే వెంటపడ్డాం" అన్నాడు గడియారాల తాత.

ఆ ఇంట్లో ఒకే ఒక కుర్చీ ఉంది. మా అమ్మ పాస్టరు గారి నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "కాలిపోతోంది. ముందు నువ్వెళ్ళి పడుకో నాయనా" అంది. ఆయన్ని నువ్వు అన్నది మా సంఘంలో అదే మొదటిసారి. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళి పడుకున్నారు. జావ తాగిన తర్వాత కాస్త తేరుకుని మావయ్యని పిలిచారు.

"అన్నయ్య గారూ, నిజం చెప్పండి. ఇన్నాళ్ళూ ఆ అడ్రసులు ఎందుకు చెప్పేవారు?"

మావయ్య బిక్కమొహం వేశాడు. గది నిండా జనం. తప్పించుకునే దారి లేదు.

"దేవుడికి తెలుసండీ. మనవాళ్ళకే తెలీదు" అన్నాడు. "ఎవరినైనా పట్టుకుని ఫలానా వాళ్ళింటికి వెళ్ళి రండి అంటే, చెప్పడానికి నువ్వెవరు అంటారు. అదే దేవుడికి చెప్తున్నాననుకోండి, పక్కనుంచి వింటారు. విన్నాక ఆ సందు దాటి వెళ్ళాలంటే కాళ్ళాడవు. వాళ్ళంతట వాళ్ళే వెళ్తారు."

"ఆ రోజు నాతో ఈ మాట ఎందుకనలేదు?"

"అంటే అందరికీ తెలిసిపోతుంది కదండీ. నేను పంపితే వెళ్ళామనుకుంటారు. అప్పుడు రెండోసారి వెళ్ళరు."

గదిలో ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. "నా మంచితనం కొద్దీ వెళ్ళాననుకున్నానే టీచరమ్మ దగ్గరికి!" అంది అమ్మ. "నేనూ అంతే" అన్నారు ఇద్దరు ముగ్గురు. "కుక్క కరవదని నాకెలా తెలిసిందా అనుకున్నాను" అంది వెనక నుంచి ఒకావిడ. ఇన్నేళ్ళూ మేం నోళ్ళు నొక్కుకుని నవ్విన మనిషి, మాలో ప్రతి ఒక్కరినీ ఏదో ఒక తలుపు దగ్గరికి నడిపించి, ఆ పుణ్యం మాకే వదిలేశాడు. మావయ్య సిగ్గుతో కిటికీ గొళ్ళెం బిగించడం మొదలుపెట్టాడు.

పాస్టరు గారు దుప్పటి గుండెల దాకా లాక్కున్నారు. "ఈ రోజు మీ అందరికీ ఒక మాట చెప్పాలనుకున్నాను" అన్నారు. మావయ్య చేతులు గొళ్ళెం మీదే ఆగిపోయాయి.

"ఏంటి బాబూ?" అన్నాడు గడియారాల తాత.

పాస్టరు గారు గదంతా కలయజూశారు. కిటికీ అరుగు మీద ముగ్గురు, మంచం పట్టె మీద ఇద్దరు, గుమ్మంలో నిలబడ్డవాళ్ళు, లోపల ఆయన గిన్నెలు తోముతూ ఆయన వంటగదిని తిడుతున్న మా అమ్మ.

"మర్చిపోయాను" అన్నారు. ఆ తర్వాత కళ్ళు మూసుకుని, "ప్రార్థన చెయ్యండి అన్నయ్య గారూ" అన్నారు.

"గంభీరంగానాండీ?"

"మీకెలా వస్తే అలా."

మావయ్య చేతులు చాచాడు. పక్కనున్నవాళ్ళు తలలు పక్కకి తప్పించుకున్నారు, ఇరుకు కదా.

"ప్రభువా, దయగల తండ్రీ" అని ఆగాడు. చేతులు ఎటూ తిరగలేదు. "ఈసారి అడ్రసు చెప్పక్కర్లేదు. నువ్వు వచ్చేశావు." మళ్ళీ ఆగాడు. "అయితే ఒక్క మనవి తండ్రీ. దిగేటప్పుడు మాత్రం వీళ్ళందర్నీ ఒక్కసారే లిఫ్టు ఎక్కనివ్వకు. ఆమేన్."

అందరం ఆమేన్ అన్నాం. అందరికంటే గట్టిగా వినపడింది దుప్పట్లోంచి.